నవ్వు బొమ్మ కోసం వెతుక్కున్న రోజులే బాగున్నాయా? మీరేమంటారు?

కృష్ణలంక పాఠకుడు:
వేరే చర్చలో ఒకాయన "నెట్ రాకముందు మీకు మీమ్స్ లేవు, పాపం ఎలా గడిపారో" అన్నారు, అక్కడ జవాబు రాస్తే టాపిక్ పక్కకి పోద్దని ఇక్కడ పెడుతున్నా. నా మాట సూటిగా ఇది: అప్పుడు నవ్వు బొమ్మ దొరకడం కష్టమే, కానీ దొరికింది మనసులో ఉండిపోయేది, గీసినాయన ఎవరో కూడా తెలిసేది. వీక్లీ చేతికి రాగానే సీరియల్ చదివేవాళ్ళు తక్కువండీ, ముందు పేజీలు తిప్పి కార్టూన్లన్నీ చూసేసి అప్పుడు కథల్లోకి వెళ్ళేవాళ్ళం. ఈనాడు వస్తే శ్రీధర్ గారి 'ఇదీ సంగతి' కార్టూన్ చూశాకే హెడ్డింగులు. దీపావళి ప్రత్యేక సంచికల సంగతి ఇక చెప్పక్కర్లేదు, కార్టూన్ల పోటీలు పెట్టేవాళ్ళు, ఇంట్లో ఎవరు ముందు చూడాలని గొడవలు. పాతవి కావాలంటే విజయవాడలో లెనిన్ సెంటర్ దగ్గర పాత పుస్తకాల షాపులు, హైదరాబాద్ వాళ్ళకి ఆదివారం పూట ఆబిడ్స్ ఫుట్‌పాత్, కట్టలు విప్పి ఒక్కోటీ తిరగేస్తే గానీ లోపల ఏముందో తెలిసేది కాదు. అలా తిరగేసీ తిరగేసీ ఇది బాపు గీత, ఇది జయదేవ్ గీత అని సంతకం చూడకుండానే చెప్పేంత కన్ను కుదిరింది మా తరానికి. ఇప్పుడు ఫోన్లో పొద్దున్నుంచీ వస్తానే ఉంటాయి, వాటిలో ఒక్కటి ఎవరు చేశారో చెప్పండి చూద్దాం.

నల్లగొండ బిడ్డ:
అన్నా, మీరు "మా తరానికి" అన్నరు చూడు, అక్కడ్నే నాకు పేచీ. నాది గా తరమే. మా ఊర్లె వీక్లీ వచ్చేది రెండే జాగలకు, ఒకటి కటింగ్ షాపు, ఇంకోటి లైబ్రరీ. కటింగ్ షాపుల ఆడపిల్ల పోయి కూసుంటదా? లైబ్రరీ తెరిసేది పొద్దుమీకి, అప్పుడు ఇంట్ల నీళ్ళు, అంట్లు, తమ్ముళ్ళు. నాకు దొరికిందల్ల కిరాణం కొట్టు పొట్లం కాయితం. చక్కెర డబ్బాల పోసి కాయితం సాపు జేసి చూస్తే సగం బొమ్మ ఉండేది, కింద రాసిన మాట చినిగిపోయేది. ఆ మిగిలిన సగం ఏమైతదో అని ఎంత ఆలోచించినా తెలిసేది కాదు. మీరు దాన్ని వెతుకులాట అంటరు, నాకు అది లేమి అన్నా. ఇయ్యాల మా చెల్లె పొలం గట్టు మీద కూసొని బ్రహ్మానందం మీమ్ చూసి పడీపడీ నవ్వుతది, ఎవర్నీ అడిగే పని లేదు. ఆ నవ్వు మీ నవ్వు కంటె ఎట్ల తక్కువ?

వైజాగ్ టీచర్:
నల్లగొండ చెల్లెమ్మకి నా ఓటు. ఇంకో సంగతి కూడా ఉంది, ఎవరూ మాట్లాడరు గాని. ఆ వీక్లీల కట్టలు ఇప్పుడు తీసి వరసగా చూడండి. అప్పడాల కర్ర పట్టుకున్న పెళ్ళాం, మంచం కింద దూరిన మొగుడు, బాసు పక్కన టైపిస్టు, పుట్టింటికి పోతానని పెట్టె సర్దే కోడలు, అత్తగారు వస్తోందంటే వణికే అల్లుడు. వారం వారం అవే. ఏది అచ్చవ్వాలో తేల్చేది ఎడిటరు, గీసేవాళ్ళు దాదాపు అంతా మగవాళ్ళు, నవ్వుకి మేమే సరుకు. మా విశాఖ నుంచి రాగతి పండరి గారు ఆ మగ గుంపులోకి వెళ్ళి ఏళ్ళ తరబడి గీసి నిలబడ్డారంటే అది ఎంత గట్టితనమో ఆలోచించండి. 2015లో పోయారు ఆవిడ. ఆవిడలాంటి వాళ్ళు ఇంకెంతమంది గీసి ఇంట్లోనే పెట్టుకున్నారో ఎవరు చెప్తారు? ఇప్పుడు ఇంటర్ చదివే పిల్ల కూడా తన ఇంటి సంగతి మీద తనే బొమ్మ చేసి పెట్టేస్తోంది, ఏ ఎడిటరుకీ పంపక్కర్లేదు.

కృష్ణలంక పాఠకుడు:
టీచర్ గారూ, అప్పడాల కర్ర సంగతి కాదనను, ఉన్నదే. కానీ ఎడిటర్ ఉండటం వల్ల ఒక మేలు కూడా జరిగింది. కార్టూన్ పంపాలంటే మంచి కార్డు కొని, ఇండియన్ ఇంకుతో గీసి, తిప్పి పంపడానికి స్టాంపులంటించిన కవరు కూడా జతచేసి పోస్టు చెయ్యాలి, చాలాసార్లు ఆ కవరే ఇంటికి తిరిగొచ్చేది. అంత ఖర్చు పెట్టేవాడు గీత దిద్దుకుంటాడు, మాట కుదిస్తాడు. తొలి తెలుగు కార్టూనిస్టు తలిశెట్టి రామారావు గారు 1930 ప్రాంతంలో 'భారతి' పత్రికలో వేసిన దగ్గర్నుంచి అలా దిద్దుకుంటూ వచ్చిన విద్య ఇది. ఆయన పుట్టినరోజు మే 20ని తెలుగు కార్టూనిస్టుల రోజుగా చేసుకుంటున్నాం అంటే ఊరికే కాదు. మీమ్‌కి గీత ఎక్కడుందండీ? సినిమాలో ఒక ముఖం తీసుకొని పైన నాలుగు మాటలు పెట్టడమే కదా.

కర్నూలు సీనయ్య:
ఏమప్పా, ముఖం తీసుకొని మాటలు పెట్టడం నెట్టోళ్ళు కనిపెట్టినారా? చందమామలో ఫోటో వ్యాఖ్యల పోటీ మర్చిపోతిరా? ఒకే పేజీలో రెండు ఫోటోలు ఇచ్చేవాళ్ళు, ఒకదాంట్లో కోతి ఉంటే ఇంకోదాంట్లో పిల్లోడు ఉన్నట్టు, రెండిటికీ రెండు మూడు మాటల్లో వ్యాఖ్య రాయాల, రెండూ ఒకదానికొకటి అతకాల, కార్డు మీద రాసి మద్రాసుకి పంపాల. ఎవరిది బాగుంటే వాళ్ళ పేరు, ఊరు అచ్చేసి బహుమతి ఇస్తాండిరి. అది మీమ్ కాకపోతే ఇంకేంది? తేడా అంతా టైములోనే ఉండాది, అప్పుడు ఎవురిది గెలిచిందో తెలిసేకి నెలలు పట్టేది, ఇప్పుడు నిమిషం. కాబట్టి గీత లేదు కాబట్టి విద్య లేదనేది నేను ఒప్పుకోను. రెండు మాటల్లో నవ్వించడం మా ఊర్లో ఎంతమంది ప్రయత్నం చేసి ఓడిపోయినారో నాకు తెలుసు.

మీమ్ తమ్ముడు:
థాంక్స్ సీనన్నా. నేను చిన్న పేజీ నడుపుతా, అందుకే చెప్తున్నా, మ్యాచ్ అయిపోగానే జనం నవ్వే మూడ్ కొద్దిసేపే ఉంటుంది, ఆ టైములో ఏ సీన్ ఏ మాటకి సూటవుద్దో తట్టాలంటే వందల సినిమాలు బుర్రలో ఉండాలి. కష్టం లేదనకండి ప్లీజ్. కానీ పాఠకుడు గారి మొదటి పాయింట్ మాత్రం నాకు నిజంగా గుచ్చుకుంది. నేను చేసింది సాయంత్రానికి ఇంకో పేజీలో ఉంటది, నా లోగో మీద వాళ్ళ లోగో. అడిగితే బ్లాక్. అప్పట్లో సంతకంతో సహా అచ్చేసేవాళ్ళు అంటే నాకు అసూయగా ఉంది.

న్యూజెర్సీ బాబాయ్:
మధ్య కాలం ఒకటుంది, దాన్ని అందరూ దాటేశారు. 1995 ఆగస్టు 15న ప్రభుత్వ సంస్థ వి.ఎస్.ఎన్.ఎల్. జనానికి నెట్ ఇచ్చింది, ఆ తర్వాత కొన్నేళ్ళు నెట్ సెంటర్లో గంటకింతని కట్టి కూర్చుంటే బొమ్మ పైనుంచి కిందకి గీత గీతగా దిగేది, సగం దిగాక లైను కట్. అలా దొరికిన వాటిని ఆఫీసులో ప్రింట్ తీసి బోర్డుకి గుచ్చుకునేవాళ్ళం. అయినా నా అసలు మాట వేరే. ఇక్కడ మా పిల్లలకి పాత చందమామలు చూపించగలిగానంటే ఎవరో మహానుభావులు ఓపిగ్గా స్కాన్ చేసి నెట్‌లో పెట్టబట్టే. ఆ రోజుల్ని దాచిపెట్టింది నెట్టే. కానీ అదే నెట్‌లో బాపు గారి కార్టూన్ సంతకం కోసేసి, రంగులు పులిమి, "శుభోదయం" అని రాసి గ్రూపుల్లో తిప్పుతున్నారు. చూస్తే కడుపు రగిలిపోతుంది. ఆ సంతకం కూడా బొమ్మలో భాగమే నాయనా, ఎందుకు కోస్తారు?

నల్లగొండ బిడ్డ:
బాబాయ్ చెప్పింది నిజం. సంతకం కోసుడు దొంగతనమే, అప్పుడైనా ఇప్పుడైనా. కానీ పాఠకుడన్నా, దానికి మందు మళ్ళ దొరకకుంట చేసుడు కాదు. మీ దగ్గర ఆ దీపావళి సంచికలు ఇంక ఉన్నయా? ఉంటే కార్టూన్ పేజీలు సంతకాలతోని, ఏ పత్రిక, ఏ ఏడు అని రాసి ఇక్కడ పెట్టుండ్రి. నేను చూడనియ్యే ఎక్కువున్నయ్.