బారంగారూ తీరం: రేవు ఆనవాళ్లు చెరిపివేయడం న్యాయమేనా?

రేవుగట్టు:
సిడ్నీలో పదకొండేళ్లుగా ఉంటున్నాను. బారంగారూ ఉద్యానానికి వెళ్లిన ప్రతిసారీ మనసు చివుక్కుమంటుంది. అందం తక్కువై కాదు. నగరం పడమటి అంచున ఉన్న ఈ 22 హెక్టార్లు తరతరాలుగా ఓడరేవు. పక్కనున్న హిక్సన్ రోడ్డును కార్మికులు ‘ఆకలి మైలు’ అనేవారు. 1930ల మాంద్యంలో పని కోసం ఒక్కో గట్టు దగ్గర ఆగుతూ ఆ దారంతా నడిచేవారు. బలిష్ఠులను ‘ఎద్దులు’ అని పిలిచి, మేస్త్రీలు వారినే ఏరుకునేవారు. మా నాన్న కాకినాడ రేవులో కళాసీ. తెల్లవారకముందే వెళ్లి, పని దొరకక ఎండెక్కేసరికి తిరిగివచ్చిన రోజులు నాకు గుర్తే.

2015లో తెరిచిన ఆరు హెక్టార్ల ఉద్యానంలో ఆ మనుషులు ఎక్కడున్నారు? కాంక్రీటు గట్టును తొలగించి, 1836 నాటి తీరరేఖ ఆధారంగా కొండను కొత్తగా కట్టారు. ఈ స్థలం రూపకల్పన కోసం 2006లో పెట్టిన పోటీలో గెలిచిన హిల్ థాలిస్ వాస్తుశిల్పుల బృందం తిన్నని రేవు అంచును నిలుపుదామంది. సహజమైన కొండే కావాలని మాజీ ప్రధాని పాల్ కీటింగ్ గట్టిగా వాదించారు. ఆయన మాటే నెగ్గింది. ఓడల రాకపోకలను గమనించిన 87 మీటర్ల బురుజును కూడా 2016లో కూల్చేశారు.

నీలాంబరి:
రేవుగట్టు గారూ, మీ నాన్నగారి గురించి చదివి కదిలిపోయాను. అయినా మీ వాదన ఒప్పుకోలేను. ఆ కూలీలు నడిచిన చెక్క గట్లను కంటైనర్ల కోసం అంతకుముందే కూల్చారు. మిగిలింది చదునైన కాంక్రీటు నేల. పాత రేవులు చూడాలంటే మలుపు తిరగగానే వాల్ష్ బే ఉంది, అక్కడ వాటిని నాటకశాలలుగా బతికించుకున్నారు.

రేవు పుట్టకముందు ఆ నేల గాడిగల్ అనే ఆదిమవాసి ప్రజలది. ఈ చోటుకు పేరిచ్చిన బారంగారూ ఇదే నౌకాశ్రయంలో చేపలు పట్టి బతికిన కామెరేగల్ తెగ ఆదిమవాసి స్త్రీ. ఆమె కాలపు తీరానికి కాస్త చోటిస్తే తప్పేమిటి? అక్కడే తవ్వితీసిన పదివేల ఇసుకరాతి దిమ్మలు పేర్చారు, 75,000కు పైగా స్థానిక జాతుల చెట్లూ పొదలూ నాటారు. నిలువు గోడ ఉంటే పిల్లలకు నీళ్లు అందవు. ఈ రాళ్ల మీదుగా దిగి మా అమ్మాయి పీతలను వెతుకుతుంది.

రేవుగట్టు:
వాల్ష్ బేలో కట్టడాలు మిగిలాయి, నిజమే. కష్టం మిగలలేదు. ఇదే నౌకాశ్రయంలో బర్చ్‌గ్రోవ్ దగ్గరి బాలాస్ట్ పాయింట్ చూడండి. ఒకప్పుడు చమురు డిపో, 2009లో ఉద్యానమైంది. కూల్చిన కాంక్రీటు ముక్కలను ఇనుప తీగల బుట్టల్లో నింపి, వాటితోనే గోడలు కట్టారు. పెద్ద ట్యాంకు ఉన్నచోట దాని గుండ్రని ఆకారాన్ని ఇనుప పలకలతో నిలబెట్టారు. అక్కడ చెట్లు పెరుగుతున్నాయి, పాత పనీ కనిపిస్తోంది. బారంగారూ కొండ కడుపులో కార్లు నిలిపే చోటు, ‘కట్‌అవే’ అనే పెద్ద హాలు ఉన్నాయి. నిన్న కట్టినదాన్ని ఆదిమ తీరంలా చూపితే, బారంగారూ అనే ఆ స్త్రీకీ కూలీలకూ ఇద్దరికీ అన్యాయమే.

గీతలపని:
నా వృత్తి ఉద్యానాల రూపకల్పన. మీ ఇద్దరి చూపూ ఉత్తరపు కొండ మీదే ఉంది. దక్షిణాన 271 మీటర్ల క్రౌన్ హోటల్, కాసినో భవనం నిలబడిన నేల తొలి ప్రణాళికలో ప్రజల ఉద్యానానికి ఉద్దేశించినది. కొండ ఎలా ఉన్నా జనం నడుస్తారు. ఆ నేల మాత్రం మళ్లీ చేతికి రాదు. నాకు కోపం అక్కడ. ఇప్పుడు తేలాల్సింది బారంగారూ మధ్య భాగం సంగతి. 2024లో మెట్రో స్టేషన్ తెరిచాక అక్కడికి జనం రాక పెరిగింది. ముందు నీటి అంచు, బహిరంగ స్థలం నిర్ణయించి, భవనాలను వెనక్కి జరపమని అడగాలి.

నీలాంబరి:
మధ్య భాగంలో గట్టు అంచు చాలావరకు తిన్నగానే ఉంది. దాన్ని అలాగే ఉంచమని అర్జీ రాస్తే నేనూ సంతకం చేస్తాను. కాని చెట్ల నీడ కావాలి. ఇక్కడ వేసవైన జనవరి ఎండలో వట్టి కాంక్రీటు మీద ముసలివాళ్లు కూర్చోలేరు.

రేవుగట్టు:
నీడకు నాకూ అభ్యంతరం లేదండీ, కూలీలకూ అదే కరువు. అర్జీ నేను రాస్తాను. ఆకలి మైలు నడిచినవారి మాటలను గట్టు రాళ్ల మీద చెక్కాలని, ఆ మాటలను వారి కుటుంబాలనే అడిగి తీసుకోవాలని కూడా చేరుస్తాను. కొండ విషయంలో మాత్రం మీతో ఏకీభవించలేను.