పని చేస్తున్న స్కూల్ సెక్యూరిటీ సిస్టమ్‌ని మార్చాలా? ఏళ్లు లెక్కపెట్టాలా, పరీక్ష పెట్టాలా?

బడిగంట (చర్చ మొదలుపెట్టినవారు)
ఒక స్కూల్లో ఆఫీసు పని నాది. తొమ్మిదేళ్ల కింద గేటు దగ్గర, వరండాల్లో 8 సీసీ కెమెరాలు పెట్టించాం. మూడేళ్ల కింద బిల్డింగు పెరిగితే ఇంకో 8 పెట్టించాం, అవి హెచ్‌డీవి. రికార్డర్ మాత్రం ఒకటే. అందులో డిస్కు 4 టీబీ.

పోయిన నెల ఒకావిడ వచ్చి, "పది రోజుల కింద బడి వదిలేటప్పుడు గేటు దగ్గర మా పాపను ఎవరో పలకరించారట, ఎవరో చూపించండి" అని అడిగారు. తీసి చూస్తే వారం దాటిన ఫుటేజీ ఏదీ లేదు. ఉన్నదాంట్లో కూడా గడియారం 40 నిమిషాలు వెనక ఉంది. చివరికి ఆ మనిషి వాళ్ల బంధువేనని తేలింది కాబట్టి సరిపోయింది. తేలకపోతే నా దగ్గర చెప్పడానికి ఏమీ లేదు.

ఇప్పుడు మా కమిటీ రెండుగా చీలింది. కెమెరాలు పెట్టినవాళ్లు "వయసైపోయింది, మొత్తం మార్చాల్సిందే" అంటూ కొటేషన్ ఇచ్చారు. సగం మంది ఐదేళ్లకోసారి మార్చడమే పద్ధతి అంటున్నారు. మిగతా సగం "బొమ్మ వస్తోంది కదా, ఎందుకు?" అంటున్నారు. మీరేమంటారు?

పాతకాపు
మొత్తం మార్చాలి అన్నది ఎవరు? మార్చి అమ్మేవాళ్లే. ఇక చర్చ ఏముంది?

ఇద్దరు పిల్లల నాన్న
పాతకాపు గారూ, మీ పిల్లలు ఆ స్కూల్లో ఉంటే ఇదే మాట అంటారా? పిల్లల దగ్గర లెక్కలు చూసుకోవడం ఏంటండీ. మార్చేయండి, అయిపోతుంది.

టెస్టర్ చేతిలో
కెమెరాలు, తలుపుల తాళాలు బిగించడమే నా పని కాబట్టి నన్నూ అనుమానించవచ్చు, ఫర్వాలేదు. కానీ ముందు లెక్క చూడండి.

పాత కెమెరా సెకనుకు 2 మెగాబిట్లు రాస్తుందనుకుందాం. రోజుకు 21.6 జీబీ. ఎనిమిదింటికి 173 జీబీ. 4 టీబీ అంటే 4000 జీబీ డిస్కులో 23 రోజులు నిలిచేది. తర్వాత పెట్టిన హెచ్‌డీ కెమెరాలు 4 మెగాబిట్ల చొప్పున ఎనిమిదీ కలిపి 346 జీబీ. మొత్తం రోజుకు 518. అంటే మీ ఫుటేజీ ఏడున్నర రోజులకు పడిపోయింది. ఆ తర్వాత పాతదాని మీదే కొత్తది రాసుకుంటూ పోతుంది.

అంటే ఏదీ పాడవలేదు, దేనికీ వయసైపోలేదు. మూడేళ్ల కింద కెమెరాలు పెంచిన రోజే మీ సిస్టమ్ చాలకుండా పోయింది. ఆ రోజు ఎవరూ ఈ లెక్క వేయలేదు. నెల రోజులు కావాలంటే 16 టీబీ డిస్కు చాలు, దీనికి మొత్తం మార్చక్కర్లేదు. గడియారం సంగతి: కరెంటు పోయి వచ్చినప్పుడల్లా టైము తప్పుతుంటే రికార్డర్ లోపలి బటన్ సెల్ అయిపోయినట్టు. అది మార్చి, టైము నెట్ నుంచి తీసుకునేలా సెట్ చేయండి.

పాతకాపు
చూశారా! డిస్కు ఒకటి, సెల్ ఒకటి. నేను చెప్పిందే.

టెస్టర్ చేతిలో
ఆగండన్నా, అంత తొందరపడకండి. గేటు దగ్గరి కెమెరా ఏది? తొమ్మిదేళ్ల పాతదే కదా. అన్నిచోట్లా ఇదే వరస. ముఖ్యమైన చోట మొదట పెడతాం కాబట్టి ముఖ్యమైన చోటే అన్నిటికంటే పాత కెమెరా మిగులుతుంది. కొత్తవేమో మెట్ల కింద, స్టోర్ రూమ్ ముందు ఉంటాయి.

తెలియని మనిషి మొహం గుర్తుపట్టాలంటే బొమ్మలో మీటరు వెడల్పుకు 250 పిక్సెళ్లు, అంటే బొమ్మలోని చుక్కలు, ఉండాలని 2014 నాటి అంతర్జాతీయ ప్రమాణం. తెలిసిన మనిషినైతే 125కి పోల్చుకోవచ్చు. పాత కెమెరా బొమ్మ అడ్డంగా 704 పిక్సెళ్లే. గేటు వెడల్పు 6 మీటర్లయితే మీటరుకు 117. అంటే రోజూ చూసే మనిషిని కూడా కచ్చితంగా చెప్పలేం. హెచ్‌డీ కెమెరాకు 1920 పిక్సెళ్లు కాబట్టి అదే గేటుకు 320 వస్తాయి. "బొమ్మ వస్తోంది కదా" అనేవాళ్లకు నా జవాబు ఇదే. బొమ్మ వస్తోంది, మనిషి ఎవరో తెలియట్లేదు.

చాక్‌పీస్
టీచర్‌గా ఒక మాట. ఎప్పుడు చూసినా కెమెరాల గురించే మాట్లాడతాం. కెమెరా జరిగింది చూపిస్తుంది, ఆపదు. ఆపేది తలుపు.

2022 మే 24న అమెరికాలో టెక్సస్ రాష్ట్రంలోని యువాల్డీ బడిలో కాల్పులు జరిగి 19 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు చనిపోయారు. దాని మీద టెక్సస్ శాసనసభ కమిటీ జూలైలో నివేదిక ఇచ్చింది. అది చదివాక నాకు నిద్ర పట్టలేదు. బయటి తలుపు మూశారు గానీ తాళం పడలేదు. ఒక తరగతి తలుపు తాళం సరిగా పడట్లేదని బడిలో చాలామందికి తెలుసు, బాగుచేయమని కాగితం మాత్రం ఎవరూ పెట్టలేదు. తాళంచెవులు చాలక తలుపులకు రాయో అయస్కాంతమో అడ్డం పెట్టుకునేవారు. ప్రమాదాన్ని ఫోన్లకు పంపే యాప్ కూడా ఉంది. ఊరికే అలర్టులు వచ్చీ వచ్చీ జనం పట్టించుకోవడం మానేశారు.

అక్కడ కొనాల్సింది ఏం మిగిలింది చెప్పండి? ఉన్న తాళం బాగు చేయించుకోలేని బడికి కొత్త సిస్టమ్ ఇస్తే మూడేళ్లలో అదీ ఇలాగే అవుతుంది.

టెస్టర్ చేతిలో
టీచర్ గారూ, మీరు చెప్పిన ఉదాహరణే నా వైపూ పనికొస్తుంది. ఆ బడి తరగతి తలుపులకు తాళం వేయాలంటే బయటికొచ్చి చెవి తిప్పాలి. లోపల్నుంచి వేసుకునే తాళాలు పెట్టాలని అమెరికాలోనే 2012లో శాండీ హుక్ బడిలో కాల్పులు జరిగాక వేసిన కమిషన్ 2015లోనే చెప్పింది. బాగుచేయించినా అది పాత రకం తాళమే అయ్యుండేది. పాడవకపోయినా మార్చాల్సినవి ఉంటాయి.

ఇంకో సంగతి. అలారం పెట్టె ఫోన్ నెట్‌వర్క్ మీద సమాచారం పంపే రకమైతే, ఆ నెట్‌వర్క్ మూసేసిన రోజు నుంచి అది మూగదే. అమెరికాలో 2022లో 3జీ ఆపేసినప్పుడు జరిగింది ఇదే. పెట్టె మీద పచ్చ లైటు వెలుగుతూనే ఉంటుంది, మాట మాత్రం బయటికి పోదు. కంపెనీ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు ఆపేసిన కెమెరాలదీ అదే కథ. 2016లో మిరాయ్ అనే వైరస్ లోకంలో చాలా కెమెరాల్లోకీ రికార్డర్లలోకీ దూరింది. దాని దగ్గరున్నది 60కి పైగా ఫ్యాక్టరీ పాస్‌వర్డ్‌ల జాబితా, అంతే. పాస్‌వర్డ్ మార్చుకోవడం చాలావరకు మన చేతిలో ఉంది. సాఫ్ట్‌వేర్ లోపలే కంత ఉండి, దాన్ని పూడ్చాల్సిన కంపెనీ చేతులెత్తేస్తే టీచర్లు ఎంత జాగ్రత్తగా ఉన్నా లాభం లేదు.

చాక్‌పీస్
లోపల్నుంచి వేసే తాళం సంగతి ఒప్పుకుంటాను. కానీ అది కరెంటు అక్కర్లేని వస్తువు. మీ కొటేషన్లలో అది ఎప్పుడైనా మొదటి పేజీలో ఉంటుందా?

టెస్టర్ చేతిలో
...ఉండదు. నిజమే.

నోటుపుస్తకం
అకౌంట్స్ చూసేవాడిగా నాది వేరే గొడవ. "పరీక్షలో తప్పినప్పుడు మారుద్దాం" అనడం బాగుంటుంది గానీ పరీక్ష ఎవరు పెడతారు? ఏదో జరిగాకే తప్పిందని తెలుస్తుంది. అప్పుడు కంగారులో కొంటాం, అమ్మేవాడు చెప్పిన రేటుకే కొంటాం. ఏటా ఇంతని పక్కన పెట్టి, బాగా అరిగేవాటిని ముందుగానే మారుస్తూ పోవడం మేలు. యూపీఎస్ బ్యాటరీలు మామూలుగా 3 నుంచి 5 ఏళ్లు. రాత్రీ పగలూ రాస్తూ ఉండే డిస్కులూ అరుగుతాయి. వీటికి ఏళ్ల లెక్కే సరైనది. గేటు గ్రిల్లుకు ఏళ్ల లెక్క ఏం పనికొస్తుంది?

ఇద్దరు పిల్లల నాన్న
ఇందాక ఆవేశపడ్డాను, సారీ. మా పిల్లల స్కూల్లో స్టాఫ్‌కి కార్డు చూపిస్తే తెరుచుకునే తలుపులు పెట్టారు. అవి నమ్మవచ్చా?

టెస్టర్ చేతిలో
కార్డు ఏ రకమో అడగండి. పాత 125 కిలోహెర్ట్జ్ కార్డు తన నంబరు ఎవరడిగినా చెప్పేస్తుంది. చిన్న పరికరంతో క్షణాల్లో నకలు తీయవచ్చు. దాన్ని కచ్చితంగా మార్చాలి. తలుపుకు అయస్కాంతం తాళమైతే ఇంకోటి కూడా అడగండి. కరెంటు పోతే అది వదిలేస్తుంది. మంటలొచ్చినప్పుడు అదే మనకు కావాలి, లోపలివాళ్లు బయటపడాలి కదా. కానీ బ్యాటరీ చచ్చిపోయి ఉంటే కరెంటు పోయిన ప్రతిసారీ బడి తలుపులు బార్లా తెరిచినట్టే.

రాత్రి డ్యూటీ
పదేళ్లు గేటు దగ్గర పనిచేసినవాణ్ణి. కార్డు తలుపు పెట్టిన వారానికే దాని కింద ఇటుక పెట్టారు సార్. మాటిమాటికీ కార్డు తీయాలంటే విసుగు కదా. ఇటుక పెట్టింది సార్లే.

బడిగంట (చర్చ మొదలుపెట్టినవారు)
అందరికీ థాంక్స్. ఆదివారం ఒక పని చేశాం. పొద్దుగూకే వేళ మా స్టాఫ్‌లో నలుగురిని ఒక్కొక్కరిగా గేటులోంచి నడవమన్నాం. ఆఫీసులో కూర్చుని స్క్రీన్ మీద చూసి ఎవరో చెప్పాలి. ఇద్దరిని చెప్పలేకపోయాం. ఆ ఇద్దరిలో ఒకరు మా ప్రిన్సిపల్ గారు. గేటు కెమెరా మార్చడానికి ఇక ఎవరూ అడ్డు చెప్పలేదు.

యూపీఎస్ ప్లగ్గు పీకి చూశాం. నాలుగు నిమిషాల్లో అంతా ఆరిపోయింది. పోయినసారి బ్యాటరీ ఎప్పుడు మార్చామో రాసిన కాగితమే దొరకలేదు. తరగతి తలుపులు 22 ఉంటే లోపల్నుంచి గడియ పడనివి 5. ఇవి మాత్రం మా వడ్రంగి ఈ వారమే చేసేస్తానన్నాడు.

కాబట్టి ఇప్పుడు గేటు కెమెరా, పెద్ద డిస్కు, బ్యాటరీలు, గడియలు. కొత్త రికార్డర్ వద్దనుకున్నాం. దానికి కంపెనీ అప్‌డేట్లు ఇంకా ఇస్తోందో లేదో కనుక్కుని, ఆపేసి ఉంటే వచ్చే ఏడాది లెక్కలో వేస్తాం. ఐదేళ్ల పద్ధతి అన్నవాళ్లు ఇంకా అలిగే ఉన్నారు. నోటుపుస్తకం గారి మాట చెప్పి బ్యాటరీలు, డిస్కుల వరకు వాళ్ల దారే పట్టామని సర్దిచెప్పాను.

పాతకాపు
గడియల ఖర్చు కొటేషన్లో ఎన్నో పేజీలో ఉందండీ?

బడిగంట (చర్చ మొదలుపెట్టినవారు)
అసలు లేదు.

రాత్రి డ్యూటీ
సార్, వెనక గేటు దగ్గర కూడా ఒకసారి చూడండి. ఇటుక అక్కడే ఉంటుంది.

బడిగంట (చర్చ మొదలుపెట్టినవారు)
ఇప్పుడే వెళ్లి చూసొచ్చాను. ఇటుక కాదు, విరిగిన బెంచీ కాలు.