రామప్ప ‘ఈజ్’ఆ, ‘వాజ్’ఆ? ఇన్‌డైరెక్ట్ స్పీచ్‌ల టెన్స్ మార్చుడు తప్పదా?

హన్మకొండ చౌరస్తా:
టెన్త్ బిట్: ద గైడ్ సెడ్, “రామప్ప ఈజ్ ఎ వరల్డ్ హెరిటేజ్ సైట్.” జవాబుల ‘ఈజ్’ అట్లనే ఉంచిన పిల్లలకు మార్కు పోయింది. యునెస్కో 2021ల ఇచ్చిన గుర్తింపు ఇప్పటికీ ఉన్నది. ‘వాజ్’ అంటే అది పోయినట్టే కదా? నా లెక్కల ‘ఈజ్’ ఒక్కటే కరెక్టు.

నర్సంపేట రోడ్:
పోయినట్టు కాదన్నా. ఆ ‘వాజ్’ రామప్ప సంగతి చెప్తలేదు, ‘సెడ్’తోని జత కలుస్తున్నది, అంతే. తెలుగుల ‘“వస్త” అని చెప్పిండు’ అంటం; ‘అని’ ముంగట మాట ఎట్లున్నది అట్లనే ఉంటది. ఆ అలవాటుతోనే మనకు ‘వాజ్’ కనపడంగనే ముచ్చట ఒడిసినట్టు అనిపిస్తది.
రెండూ కరెక్టే. తేడా పూచీల ఉన్నది. ‘ఈజ్’ రాస్తే ఆ మాట నిజమని రాసేటాయన కూడా ఒప్పుకున్నట్టు. ‘వాజ్’ రాస్తే గైడ్ మాట గైడ్ మీదనే. మాట తప్పని తేలితే మాత్రం మార్చుడే: “హి సెడ్ ద షాప్ వాజ్ ఓపెన్, బట్ ఇట్ వాజ్ లాక్డ్.” ఇక్కడ ‘ఈజ్’ పొసగదు.

రూల్ అంటే రూల్:
పూచీలు, జతలు పిల్లలకెందుకు సార్? ప్రెజెంట్ పాస్ట్ అవుతుంది, సింపుల్ పాస్ట్ ‘హ్యాడ్’ అవుతుంది. వేయిస్తంభాల గుడి వాక్యం చూడండి: “రుద్రదేవ బిల్ట్ ఇట్ ఇన్ 1163.” ఇన్‌డైరెక్ట్‌లో ‘హ్యాడ్ బిల్ట్’. తేలిక, అందరికీ ఒకటే.

నర్సంపేట రోడ్:
‘హ్యాడ్ బిల్ట్’ తప్పు కాదు, అవసరం లేదు. 1163 అని సంవత్సరమే ఉన్నంక ఏది ముందో ఏది వెనకో ఎవలూ తికమకపడరు. అసలు ‘హ్యాడ్’ కావల్సింది ఈడ: “హి సెడ్ హి వర్క్డ్ ఇన్ కాజీపేట.” అప్పుడు పని చేస్తుండెనా, అంతకుముందు చేసి మానేసిండా? మానేసిండంటే ‘హ్యాడ్ వర్క్డ్’ రాయాలె. మీ టెన్స్ మార్పుల పట్టికల ఈ తేడా ఏడున్నది?

జగిత్యాల మేడం:
పట్టిక పూర్తిగా బోల్తా కొట్టేది ‘ఇఫ్’ దగ్గర.
“ఇఫ్ ఇట్ రెయిన్స్, ద కాటన్ విల్ గెట్ వెట్.” ఇది మారుతుంది: హి సెడ్ దట్ ఇఫ్ ఇట్ రెయిన్డ్, ద కాటన్ వుడ్ గెట్ వెట్. కానీ “ఇఫ్ ఐ హ్యాడ్ ఎ లారీ, ఐ వుడ్ టేక్ ద కాటన్ టు ఎనుమాముల” (వరంగల్ మార్కెట్ యార్డు) చూడండి. ఇందులో ‘హ్యాడ్’ గడిచిన కాలం కాదు, లారీ లేదని చెప్పడం. ‘ఐ’ని ‘హి’ చేసి మిగతాది అలాగే ఉంచాలి. పట్టిక ప్రకారం ‘హ్యాడ్ హ్యాడ్… వుడ్ హ్యావ్ టేకెన్’ చేస్తే పత్తి అమ్ముకునే రోజే దాటిపోయినట్టు అర్థం మారుతుంది. ‘ఇఫ్ ఐ హ్యాడ్ నోన్, ఐ వుడ్ హ్యావ్ కమ్’ రకంలో టెన్స్ ఇంకా వెనక్కి జరపడానికి చోటే లేదు.
మన ‘-తే’ కూడా కొంత కారణం. ‘వాన పడితే’ అన్న ఒక్క మాటకు ఇంగ్లీషులో ‘రెయిన్స్’, ‘రెయిన్డ్’ రెండూ రావచ్చు. ‘తెలిసి ఉంటే వచ్చేవాణ్ణి’కి ‘ఐ యూజ్డ్ టు కమ్’ అని రాసేస్తారు, ఎందుకంటే ‘వచ్చేవాణ్ణి’ మనకు అలవాటుకూ అదే, జరగనిదానికీ అదే.

రూల్ అంటే రూల్:
లారీ వాక్యం ఒప్పుకుంటాను మేడం. రామప్పకు మాత్రం ‘వాజ్’ రాయించడమే క్షేమం. కీలో అదే ఉంటే పేపర్ దిద్దేవాళ్లతో వాదించేదెవరు?

హన్మకొండ చౌరస్తా:
అంటే ‘ఈజ్’ తప్పు కాదు, మార్కు రాదు. గదే నా బాధ.

నర్సంపేట రోడ్:
‘వాజ్’ తప్పన్నది కూడా మీరే కదా అన్నా. ‘మార్చి రాయండి’ అని అడిగితే మార్చాలె. వ్యాసంల, ఉత్తరంల అయితే ‘ఈజ్’ రాయనియ్యండ్రి.