సమస్య: నలుపు కలుపగానె తెలుపు వెలిగె

నిర్వాహకుడు:
ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం. ముందు మూడు పాదాలు మీరు రాసి పూరించాలి.

నలుపు కలుపగానె తెలుపు వెలిగె

న, తె అక్షరాలకు మైత్రి లేదని ఎవరూ అడగకముందే చెబుతున్నాను, ఇక్కడ ఉన్నది ప్రాసయతి, అంటే ‘నలుపు’, ‘తెలుపు’ల్లో రెండో అక్షరం ‘లు’ కలిసింది. మీ పాదాల్లో ఏ యతి వేసినా సరే. విషయం మాత్రం మార్చొద్దు: మన ఓరుగల్లు చుట్టుపక్కల తీసిన ప్రకృతి దృశ్యం, దాన్ని బ్లాక్ అండ్ వైట్‌లోకి మార్చడం. రంగుల చిక్కదనాన్ని, అంటే సాచురేషన్‌ను సున్నాకు లాగేసి పని అయిపోయిందనుకునేవాళ్లు చాలామంది. అలా చేస్తే చేతికి వచ్చేది బూడిదే. నలుపు ఎక్కడ పడాలో తేల్చుకోవడంలోనే అసలు పని ఉంది. పద్యంలోనూ నేను వెతికేది అదే. నలుపు ఎక్కడ కలిపారు? దాంతో ఏ తెలుపు వెలిగింది?

ములుగు నుంచి, ఉపాధ్యాయుడు:

నీలి రంగు తగ్గ నింగి చీకటియాయె
మబ్బులెల్ల పైన మల్లెలాయె
లక్నవరము చెరువు లంక గుట్టల మీద
నలుపు కలుపగానె తెలుపు వెలిగె

భావం: లక్నవరంలో పొద్దెక్కాక తీసిన ఫోటో. మార్చాక ఆకాశం, మబ్బులు ఒకే తీరుగా పాలిపోయాయి. ఒక్కో రంగు వెలుతురును పెంచి తగ్గించే మీటల్లో నీలం స్లైడర్‌ను కిందికి లాగితే ఆకాశం ముదిరి మబ్బులు బయటపడ్డాయి.

నిర్వాహకుడు:
మాస్టారూ, యతులు, గణాలు చక్కగా కుదిరాయి. ‘లక్నవరము’, ‘లంక’ కలిసిన తీరు నాకు బాగా నచ్చింది, ఆ చెరువులోని దీవులు కళ్ల ముందుకు వచ్చాయి. రెండో పాదమే తేలిపోయింది. మబ్బులకు మల్లెలు అందరికీ తట్టే పోలిక, పైగా ‘ఆయె’ వెంటవెంటనే రెండుసార్లు పడింది. మీ ఫోటోలో నిజంగా జరిగిందేమిటి? మబ్బు అంచుల్లో పోయిందనుకున్న మెరుపు తిరిగి దొరికింది. అదే చెప్పండి: ‘మబ్బు కొసల మెరుపు మరల నిలిచె’.

హనుమకొండ నుంచి, పాత స్టూడియో మనిషి:
మాస్టారూ, ఫిల్ము రోజుల్లో ఈ పనే లెన్సు ముందు ఎర్ర గాజు పెట్టి చేసేవాళ్లం. ఎర్ర ఫిల్టర్ నీలపు వెలుతురును ఆపేస్తుంది, అందుకే ఆకాశం నల్లబడుతుంది. 1927లో అమెరికా ఫోటోగ్రాఫర్ ఆన్సెల్ ఆడమ్స్ అక్కడి యోసెమిటీలో హాఫ్ డోమ్ కొండను ముందు పసుపు ఫిల్టర్‌తో తీసి, తృప్తి కలగక ఎర్ర ఫిల్టర్ వేసి మళ్లీ తీశాడు. ఆకాశం దాదాపు నల్లగా వచ్చి కొండ ముందుకు నిలబడ్డది. మీది చెరువు ఫోటో కాబట్టి ఇంకో సంగతి చూసుకోవాలి. నీళ్లలో పడేది కూడా ఆ ఆకాశమే. నీలం తగ్గిస్తే చెరువు కూడా నల్లబడుతుంది. లంకల చుట్టూ నీళ్లు మరీ చీకటైతే గుట్టలు ఎక్కడ మొదలయ్యాయో తెలియదు.

నిర్వాహకుడు:
బాగా చెప్పారు. ఇంకో మాట కలుపుతాను. జేపెగ్ ఫైలులో ఒక్కో రంగుకు 256 వెలుతురు మెట్లే ఉంటాయి. కెమెరా పట్టినది పట్టినట్టే దాచే 14 బిట్ల రా ఫైలులో 16,384. జేపెగ్ మీద నీలాన్ని గట్టిగా లాగితే ఆకాశంలో చారలు, గరుకు వచ్చేస్తాయి, గుట్ట అంచు వెంట తెల్లటి గీత కూడా కనిపిస్తుంది. మాస్టారూ, మీ ఫోటోను పెద్దది చేసి గుట్టకు, ఆకాశానికి మధ్య ఆ గీత ఉందేమో చూడండి.

నర్సంపేట నుంచి, కొత్త సభ్యుడు:

మిరప కల్లమందు మెరిసె నెరుపు రాశి
పచ్చ చేను వెనుక పరచి యుండె
రంగు తీయ రెండు బూడిద యాయెను
నలుపు కలుపగానె తెలుపు వెలిగె

భావం: మా ఊరి మిరప కల్లం, వెనకాల మక్క చేను. తప్పులుంటే చెప్పండి సార్, ఆటవెలది రాయడం ఇదే మొదలు.

నిర్వాహకుడు:
తమ్ముడూ, మొదటి పద్యంలోనే గణాలన్నీ సరిపోయాయి, చాలా సంతోషం. మూడో పాదంలో యతి తప్పింది. ‘రం’కు నాలుగో గణం మొదట ‘బూ’ పడింది, ఆ రెండింటికీ మైత్రి లేదు. అంతకంటే పెద్ద లోటు భావంలో ఉంది. ఎరుపు, పచ్చ ఒకటే బూడిద అయ్యాయన్నారు, మరుక్షణమే తెలుపు వెలిగిందన్నారు. నలుపు చేనులో కలిపారా, రాశిలో కలిపారా? పద్యం చెప్పలేదు. మీరు పట్టుకున్న విషయం మాత్రం చాలా విలువైనది, వదలొద్దు. కంటికి నిప్పులా కనిపించే మిరప రాశి రంగు తీస్తే ఎందుకు చల్లారిపోతుంది? మామూలు మార్పిడిలో సాఫ్ట్‌వేర్ నూటికి ఎరుపుకు సుమారు 30 పాళ్లు, పచ్చకు 59, నీలానికి 11 చొప్పున తూకం వేసి వెలుతురు లెక్క కడుతుంది. ఎరుపు ఎంత చిక్కగా ఉన్నా ఆ లెక్కలో తక్కువ వెలుతురే. ముదురు మక్క ఆకూ ఇంచుమించు అక్కడికే వస్తుంది. రెండూ పక్కపక్కన పడితే ఏది ఏదో తెలియదు. పద్యాన్ని ఇలా తిప్పి చూడండి:

రంగు తీయ మిరప రాశి చేనొక్కటే
కలిసిపోయె చూపు కందకుండ
ఆకుపచ్చ లోన నంతకంతకు కొంత
నలుపు కలుపగానె తెలుపు వెలిగె

నర్సంపేట సభ్యుడు:
సార్, పద్యం చదివి ఫోటో మళ్లీ తెరిచిన. పచ్చ, పసుపు స్లైడర్లు రెండూ తగ్గిస్తేనే చేను ముదిరింది. ఒక్క పచ్చతో కదల్లేదు.

నిర్వాహకుడు:
అవును, ఆకుల్లో పసుపు పాలు చాలా ఉంటుంది. ఎండలో తీసిన చేను అయితే పసుపు స్లైడరే ఎక్కువ పని చేస్తుంది. ఎరుపును కొద్దిగా పైకి జరపండి, రాశి మీద ఒక్కో కాయ ముడత విడిగా తెలుస్తుంది.

పరకాల నుంచి, సభ్యురాలు:

ఎర్ర రాతి గుడికి నెండ సోకిన వేళ
నల్ల రాతి బొమ్మ నవ్వు దాగె
గోడ యెరుపు పెంచి కొప్పు వంపుల చెంత
నలుపు కలుపగానె తెలుపు వెలిగె

భావం: పాలంపేట రామప్ప గుడి. 1213లో కాకతీయుల సేనాని రేచర్ల రుద్రుడు కట్టించినది, 2021లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. గుడి ఎర్ర ఇసుకరాయి, చూరు కింది బొమ్మలు నల్లరాయి.

నిర్వాహకుడు:
అక్కా, ప్రకృతి దృశ్యం అన్నాను, మీరు గుడి తెచ్చారు. అయినా తీసుకుంటున్నాను, ఎందుకంటే నేను అడిగినదానికి ఇంత సూటిగా జవాబు ఇప్పటిదాకా రాలేదు. ఇసుకరాయికి ఎరుపు, నారింజ రంగులున్నాయి కనుక ఆ స్లైడర్లకు గోడ కదులుతుంది. నల్లరాతికి చెప్పుకోదగ్గ రంగే లేదు, అది ఉన్నచోటే ఉంటుంది. గోడ ఒక్కటే తేలికపడి బొమ్మ దాని మీద నిలుస్తుంది. ఆ పైన కొప్పు పక్కన బ్రష్‌తో కొంచెం ముదురు చేశారన్నమాట. ఒక్క పదం మారుద్దాం. అంత దూరం నుంచి తీసిన ఫోటోలో నవ్వు కనిపించదు. ఆ శిల్పి పనితనమంతా హారాల్లో ఉంది, రాతి నగ కింద రాతి ఒంటి మీద నీడ కూడా పడుతుంది. ‘నల్ల రాతి బొమ్మ నగలు దాగె’ అంటే యతి చెడదు, చూసి రాసినట్టు కూడా ఉంటుంది.

పరకాల సభ్యురాలు:
‘నగలు’ చాలా బాగుంది, మార్చుకుంటాను. కానీ ‘నవ్వు’ పోయినందుకు మనసులో కొంచెం వెలితిగానే ఉంది సార్.

హనుమకొండ స్టూడియో మనిషి:

చీకటింటి లోన చేయి యడ్డము బెట్టి
గుట్ట కాచి వెలుగు కొంత పోసి
మింటి వంక మరల మీట నొక్కిన మీద
నలుపు కలుపగానె తెలుపు వెలిగె

భావం: డార్క్‌రూమ్‌లో ప్రింటు వేసే పద్ధతి. గుట్ట భాగానికి చేయి అడ్డం పెట్టి, ఆకాశం భాగానికి, నెగటివ్‌ను కాగితం మీద పెద్దది చేసి వేసే ఎన్‌లార్జర్ వెలుతురు ఇంకాసేపు ఇస్తాం. కాగితం మీద ఎక్కడ వెలుతురు ఎక్కువ పడితే అక్కడే నలుపు.

నిర్వాహకుడు:
పెద్దాయనా, ఈ వారం పూరణల్లో నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే. తక్కినవాళ్లం స్లైడర్ల గురించి మాట్లాడుతున్నాం, మీరు వెలుతురు పోసి నలుపు తెచ్చారు. సమస్యలో ఉన్న విరోధానికి మీ మూడు పాదాల్లో ఇంకో విరోధం తోడైంది. ‘గుట్ట కాచి’ అన్న మాటకు దండం పెట్టాలి. చంటిబిడ్డకు ఎండ తగలకుండా చేయి అడ్డం పెట్టినట్టుంది. ఇప్పుడు సాఫ్ట్‌వేర్‌లో డాడ్జ్ (వెలుతురు ఆపి తేలిక చేయడం), బర్న్ (వెలుతురు పోసి ముదురు చేయడం) అని పిలిచేవి ఈ చేతి పనులే. కొత్తవాళ్లు ఈ పద్యం చదివాక ఆ బటన్లు నొక్కాలని నా కోరిక.

నర్సంపేట సభ్యుడు:
పెద్దాయనా, చేయి పెడితే ప్రింటు మీద చేతి ఆకారం పడదా?

హనుమకొండ స్టూడియో మనిషి:
కదిలిస్తూనే ఉండాలి నాయనా. చేయి ఆగితే అంచు పడుతుంది. కంప్యూటర్లో బ్రష్ అంచు మెత్తగా పెట్టుకోమనేది కూడా అందుకే.

నిర్వాహకుడు:
నా పూరణ:

పొద్దు పొడుపు వేళ పొగమంచు కమ్మెను
కట్ట మీది తాటి కనబడంగ
మాను లోని బూది మాపి మెల్లగ నేను
నలుపు కలుపగానె తెలుపు వెలిగె

పాకాల చెరువు కట్ట దగ్గర చలికాలం పొద్దున తీసిన ఫోటో. మంచును ఇంకా తెల్లగా చేయబోతే మొత్తం సున్నం కొట్టినట్టు వచ్చింది. మంచును ముట్టుకోకుండా ఒక్క తాటి మాను నీడలు ముదిరిస్తే మంచు తనంతట తానే తేలింది.

పరకాల సభ్యురాలు:
సార్, ఒక సందేహం. మంచులో దగ్గరి చెట్టు నల్లగా, దూరపు చెట్టు బూడిదగా కనిపిస్తుంది. దూరం తెలిసేది దాంతోనే. ‘కట్ట మీది’ అంటే ఎంత దూరమో తెలియదు. దూరపు తాటికి నలుపు కలిపితే లోతు పోతుంది. ‘కంటి ముందు తాటి కనబడంగ’ అంటే?

నిర్వాహకుడు:
అలాగే ఉంచుదాం అక్కా, యతి కూడా నిలిచింది. ఆ ఫోటోలో వెనక వరుస తాటిచెట్లను నేను ముట్టుకోలేదు, ‘కంటి ముందు’ అన్నాక అది పద్యంలోనూ తెలుస్తోంది. మాస్టారు గుట్ట అంచు గీత సంగతి ఇంకా చెప్పలేదు, ఆయన ఫోటో కోసం చూస్తున్నాను.