మర్మమీకా, మర్మమిడకా?

పర్లాకిమిడి కుర్రాడు: సుమతీ శతకంలో కరణం పద్యం నాలుగో పాదం కాస్త సరిచెయ్యండి. కరణం తోటి కరణాన్ని నమ్మకుండా, గుట్టు బయటపెట్టకుండా బతకాలని చెప్పే పాదం. మాటిమాటికీ పనికొచ్చే కోడ్ ముక్కలు, ఫైళ్ళ మార్పులన్నీ దాచిపెట్టే గిట్‌కి నా పొట్టి ఆదేశాలు (అలియాసులు), వేరే కంప్యూటర్లలోకి వెళ్ళడానికి ఎస్‌ఎస్‌హెచ్ కాన్ఫిగ్ అన్నీ ఒక ఫోల్డర్లో పోగేసి, కోడ్ నలుగురితో పంచుకునే గిట్‌హబ్‌లో పెడుతున్నాను. మొదటి ఫైలు నెత్తిన ఈ పద్యం వెయ్యాలని సరదా. ‘మరి నమ్మక మర్మమిడక’ అని మా తాత చదివేవారు. అచ్చులో ‘మర్మమీక’ కనిపిస్తోంది.

బరంపురం మేష్టారు: ‘మర్మమీక’ సరైనది. మర్మం ఈక, అంటే ‘ఇవ్వక’ అని. తాతగారు పాదం నింపుకున్నారు బాబూ.

రాయగడ: లోటుంటే కదా మేష్టారూ నింపుకోడానికి! కందంలో అక్కడ జగణమో (లఘువు, గురువు, లఘువు) నలమో (నాలుగు లఘువులు) రావాలి. ‘ర్మమీక’ జగణం, ‘ర్మమిడక’ నలం. యతి చూస్తే ‘మనవలె’ మీద, ప్రాస ‘మరి’ మీద. ఈ ఒక్క అక్షరానికీ ఛందస్సు కాపలా లేదు.

బరంపురం మేష్టారు: గణం కుదిరితే చాలా? మర్మం ఇడడం ఏం తెలుగండీ?

గుణుపురం కోడలు: పేరిడలేదా, మొరలిడలేదా? ఇడడమంటే పెట్టడం. నా ఓటు తాతగారికే. ఇస్తే ఒకడికి ఇస్తాం, ఫైల్లో ఇడితే ఊరందరికీ. నేనోసారి పాస్‌వర్డుతో సహా, రహస్యాలు రాసుకునే డాట్ ఎన్వ్ ఫైలు గిట్‌లోకి తోసేశాను. మర్నాడు చూసుకుని, ఫైలు చెరిపేసి ఆ మార్పుని మళ్ళీ కమిట్ చేసి (గిట్‌లో నమోదు చేసి), హమ్మయ్య అనుకున్నాను. పాత కమిట్లో అది అలాగే కూచుని ఉంది! పాస్‌వర్డు మార్చేదాకా అన్నం సయించలేదు. గిట్ ముట్టుకోకూడని ఫైళ్ళ జాబితా, గిట్ ఇగ్నోర్‌లో ముందే రాసుకుని ఉంటే ఆ గోలే లేదు.

రాయగడ: పద్యం మొత్తం మనకోసమే కట్టినట్టుందండీ. ‘కరణము గరణము నమ్మిన మరణాంతకమౌను’. ఎవడో రాసిన ముక్క చదవకుండా, ఆదేశాలు కొట్టే టెర్మినల్లో అతికిస్తే జరిగేది అదే. నోట్సు వర్డ్‌లో కొట్టి దాచుకునేవాళ్ళకి ఇంకో తంటా. నిటారు కొటేషన్ గుర్తు వంకర తిరిగిపోతుంది, టెర్మినల్లో ఆదేశాలు చదివే షెల్ దాన్ని గుర్తుపట్టదు. రెండో ‘కరణము’ని ‘గరణము’ చేసిన గసడదవాదేశంలాగే, అడగకుండా జరిగిపోతుంది.

జైపూర్: ఈ పద్యం మా ఒడియా కొలీగుకి చెప్తే, ‘మా కరణాల్నే అంటారా’ అన్నాడు. వాళ్ళకది కులం పేరు, మనకి ఒకప్పటి ఊరి లెక్కల ఉద్యోగం. ఫైల్లో ఆ ముక్క కూడా రాసుకో తమ్ముడూ. అన్నట్టు ఇలాంటి కోడ్ ముక్కని, అంటే స్నిపెట్‌ని, తెలుగులో నోటినోటా తిరిగే విడి పద్యంలా ‘చాటువు’ అనాలని నేనెప్పట్నుంచో మొత్తుకుంటున్నాను. కట్టినవాడెవడో సగం వాటికి తెలీదు, సమయానికి మాత్రం అక్కరకొస్తుంది. వేటూరి ప్రభాకరశాస్త్రి గారు చాటువులు పోగేసిన చాటుపద్యమణిమంజరి స్నిపెట్ల ఫోల్డరు కాక మరేమిటి?

బరంపురం మేష్టారు: చాటువుకి చమత్కారం ఉండాలి. మీ కాన్ఫిగ్‌లో ఏం చమత్కారముంది?

జైపూర్: పని చెయ్యడమే చమత్కారం మేష్టారూ.

బరంపురం మేష్టారు: సరే, అసలు విషయం ఎవరూ పట్టించుకోలేదు. పాతవాళ్ళు ‘మఱి’ని బండి ఱతో రాస్తారు. ‘కరణము’, ‘మరణము’లో ఉన్నవి సాధు రేఫలు, అంటే మామూలు ర. ర, ఱలకి ప్రాస కలపకూడదు కదా. ఇడక, ఈక తర్వాత. ఆ పాదం మొదటి మాట మీదే నాకు అనుమానం.

రాయగడ: అయిపోయింది.

గుణుపురం కోడలు: పర్లాకిమిడి వాడు అడిగితే బండి ఱ దగ్గరికి తీసుకెళ్ళారా! గిడుగు రామమూర్తిగారు పంతులుగా ఉన్న ఊరండీ అది. సవర గిరిజనుల నోట ఒక్కో మాటా విని, రాసుకుని, నిఘంటువూ వ్యాకరణమూ కట్టారాయన. పోగెయ్యడమంటే అదీ. అచ్చులో ఉందా అని ముందు అడిగుంటే ఒక్క మాటైనా దక్కేదా? తాత నోట విన్నదీ పాఠమే.

బరంపురం మేష్టారు: గిడుగువారి వాడుకభాష పోరు వచనం గురించమ్మా. పద్యాలు దిద్దుకోమని ఆయన అనలేదు.

గుణుపురం కోడలు: దిద్దమనలేదు, వినమంటున్నాను.

పర్లాకిమిడి కుర్రాడు: అయ్యా, అమ్మా, ఫైలు తెరిచి పెట్టుకుని కూచున్నాను. ‘ఈక’ కొట్టనా, ‘ఇడక’ కొట్టనా?

బరంపురం మేష్టారు: ముందు ‘మఱి’కి బండి ఱ పెట్టు.

రాయగడ: పెడితే ప్రాస పోతుంది కదా మేష్టారూ, ఇప్పుడే మీరే అన్నారు.