హీబ్రూలో 'గదోల్' ఎప్పుడు ఎలా మారుతుంది?

ప్రశ్న:
నమస్కారం అండీ. హీబ్రూ సొంతంగా నేర్చుకుంటున్నాను. 'గదోల్' అంటే 'పెద్ద' అని తెలుసు. కానీ చదువుతుంటే ఒకచోట గదోల్, ఇంకోచోట గ్దోలా, మరోచోట హగదోల్ అని వస్తోంది. 'హబయిత్ హగదోల్', 'హబయిత్ గదోల్' రెండూ ఒకటేనా? మన 'పెద్ద' ఏ మాట ముందు పెట్టినా మారదు కదా, అందుకే టెన్షన్‌గా ఉంది.

జవాబు:
రెండూ ఒకటి కావండీ. 'హబయిత్ హగదోల్' అంటే 'ఆ పెద్ద ఇల్లు'. అక్కడితో వాక్యం పూర్తి కాలేదు. 'హబయిత్ గదోల్' అంటే 'ఇల్లు పెద్దది', పూర్తి వాక్యం. తెలుగులో లాగే హీబ్రూ వర్తమానంలోనూ 'ఉంది' లాంటి క్రియ అక్కర్లేదు. కాబట్టి విశేషణానికి 'హ' (ఇంగ్లీషు 'the' లాంటిది) ఉందా లేదా అన్నదే మీరు చూడాల్సింది.

ఇక రూపాలు నాలుగే. పుంలింగానికి గదోల్, స్త్రీలింగానికి గ్దోలా, బహువచనంలో వరుసగా గ్దోలిమ్, గ్దోలోత్. పట్టికగా బట్టీ పట్టకండి. బైబిల్లో యోనా కథ తీయండి, ఒకటో అధ్యాయం నాలుగో వచనం. అందులో 'రూఅఖ్ గ్దోలా' అంటే పెద్ద గాలి, వెంటనే 'సఅర్ గదోల్' అంటే పెద్ద తుఫాను. గాలి స్త్రీలింగం, తుఫాను పుంలింగం. ఒకే వచనంలో రెండు రూపాలూ పక్కపక్కనే! ఆ తర్వాత వచ్చే చేప 'దాగ్ గదోల్'. నాకు చాలా ఇష్టమైన చోటు ఇది. గట్టిగా చదివితే రూపాలు వాటంతట అవే నోటికొస్తాయి.

మరొకరి జవాబు:
అర్థం గురించి ఒక మాట. మనుషుల విషయంలో గదోల్ వయసుకూ వాడతారు. 'అఖ్ గదోల్' అన్నయ్య, 'అఖోత్ గ్దోలా' అక్క. 'హూ గదోల్ మిమెని' అంటే 'అతను నాకంటే పెద్దవాడు'. పొడుగు చెప్పాలంటే 'గవోహ' వాడండి.

ప్రశ్న అడిగినవారు:
చాలా థాంక్స్ అండీ. మరి ఆదికాండం మొదటి అధ్యాయంలో సూర్యచంద్రుల్ని 'హమెఓరోత్ హగ్దోలిమ్' (ఆ పెద్ద జ్యోతులు) అన్నారు. చివర 'ఓత్' వస్తే స్త్రీలింగం కదా, గ్దోలోత్ ఎందుకు కాలేదు?

మొదటి జవాబు ఇచ్చినవారు:
మంచి చోట ఆగారు. 'మఓర్' (జ్యోతి, 'మెఓరోత్'కు ఏకవచనం) పుంలింగమే. బహువచనంలో 'ఓత్' చేరినా లింగం మారదు. విశేషణం నామవాచకం తోకను చూడదు, లింగాన్నే చూస్తుంది. దీనికి తలకిందులు 'ఈర్', అంటే నగరం. అది స్త్రీలింగం, బహువచనం 'అరిమ్'. అయినా 'అరిమ్ గ్దోలోత్' అనాలి. నిఘంటువులో పదం పక్కన 'జయిన్' (ז) అక్షరం ఉంటే పుంలింగం, 'నూన్' (נ) ఉంటే స్త్రీలింగం. కొత్త పదం రాసుకునేటప్పుడు ఒంటరిగా రాయకండి. 'ఈర్ గ్దోలా', 'మఓర్ గదోల్' అని జంటగా రాయండి.