వీల్‌చైర్ వాళ్లకి రైలు చివర విడి పెట్టె చాలా, ఏసీ కోచ్‌లకీ వెడల్పు తలుపు ఉండాలా?

గోదావరి_గట్టు:
దివ్యాంగులకి గార్డు పెట్టెలో విడిగా జాగా ఉందిగా, ఇంకేం కావాలి అని ఒకాయన అన్నారు. ఆ పెట్టె తలుపు వెడల్పే, కాదనను. కానీ ఏసీ ఉండదు, చాలాచోట్ల ప్లాట్‌ఫారం కప్పు దాటిపోయాక ఎండలో ఆగుతుంది, జనరల్‌లో చోటు దొరకనివాళ్లు కూడా అందులోకే ఎక్కేస్తారు. పోనీ థర్డ్ ఏసీ తీసుకుంటే మా చెల్లిని ఇద్దరు పోర్టర్లు చంకల కింద, మోకాళ్ల కింద చేతులు వేసి బెర్తు దాకా మోయాలి. ఆ తర్వాత దిగేదాకా బాత్రూమ్ మాటే లేదు. అందుకని బయల్దేరే రోజు మధ్యాహ్నం నుంచే తను నీళ్లు తాగడం మానేస్తుంది. సికింద్రాబాద్ నుంచి ఢిల్లీ అంటే రోజంతా ప్రయాణం, ఎలా ఉంటుందో ఆలోచించండి.

రిటైర్డ్_రైల్వే:
మీ బాధ అర్థమైంది బాబూ. కానీ చేసినవీ చెప్పాలి కదా. తోడు లేకుండా వెళ్లలేనివాళ్లకి, తోడు వచ్చేవారికి స్లీపర్, థర్డ్ ఏసీల్లో 75 శాతం రాయితీ ఉంది. స్లీపర్, థర్డ్ ఏసీల్లో విడిగా బెర్తుల కోటా కూడా ఇచ్చారు. తలుపులు, బాత్రూములు వెడల్పు చేస్తే బెర్తులు తగ్గుతాయి, వెయిటింగ్ లిస్టులో ఉన్నవాళ్లకి ఏం చెబుతాం? 2016 దివ్యాంగుల హక్కుల చట్టం కూడా పాత పెట్టెల్ని వీలైనంత మేరకే మార్చమంది.

గోదావరి_గట్టు:
బెర్తులు తగ్గుతాయన్న మాట ఒప్పుకోను సార్. 2021లో వచ్చినప్పుడు థర్డ్ ఏసీ ఎకానమీ కోచ్‌లో 83 బెర్తులు ఉండేవి, మామూలు థర్డ్ ఏసీలో 72. బెర్తులు పెంచి కూడా వీల్‌చైర్ పట్టే తలుపు, బాత్రూమ్ పెట్టగలిగారు. చట్టంలో ఆ వెసులుబాటు పాత పెట్టెలకే, కొత్తగా తయారయ్యేవాటికి ఏం అడ్డం? కింది బెర్తు ఇచ్చి అక్కడికి చేరే దారి ఇవ్వకపోతే ఎలా?

చక్రాల_మీద:
నేను వీల్‌చైర్‌లోనే తిరుగుతాను. తలుపు ఎంత వెడల్పున్నా మెట్లు మెట్లే కదండీ. మన ఎత్తు ప్లాట్‌ఫారాలే 760 నుంచి 840 మిల్లీమీటర్లు, కోచ్ నేల వాటికంటే దాదాపు అడుగున్నర పైన ఉంటుంది. రెండు నిమిషాలు ఆగే స్టేషన్‌లో నన్ను దింపుతుంటే రైలు కదిలితే, నేను కింద, కుర్చీ పైన. ఆ టెన్షన్‌తో ముందు స్టేషన్ నుంచే తలుపు దగ్గర కాచుకుని కూర్చుంటాం. మడత ర్యాంపు లేకుండా మిగతావన్నీ సగం పనే.

రిటైర్డ్_రైల్వే:
ర్యాంపు మాట న్యాయమే. కానీ ఏ కోచ్ దగ్గర, ఏ స్టేషన్‌లో వేయాలో సిబ్బందికి ముందే ఎలా తెలుస్తుందమ్మా?

చక్రాల_మీద:
మీరు చెప్పిన రాయితీ టికెట్ మీదే ఉంది కదా సార్, నా కోచ్, బెర్తు, ఎక్కే ఊరు, దిగే ఊరు. చార్ట్ తయారవగానే ఆ రెండు స్టేషన్లకీ ఒక మెసేజ్ వెళ్లేలా చేయమనే అడుగుతున్నాను.